ఆపడం వచ్చాకే నడపడం: మన రోడ్ల మీద కొత్తగా బండెక్కేవారికి

మా అక్క కొడుకు ఇంటర్ పూర్తిచేసి ఎచ్చెర్ల వైపు కాలేజీలో చేరిన వారం నుంచే ఇంట్లో బండి గొడవ మొదలైంది. వాడికి 200 సీసీ బండే కావాలి. "క్లాసులో అందరూ అదే కొంతన్నారు మావా" అంటాడు. మా బావకు డబ్బు ఇబ్బంది లేదు, భయమే ఇబ్బంది. నెల రోజులు నలిగి నలిగి ఆ పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. నేను వాడిని ఒక్క మాట అడిగాను. "అరవై మీద వెళ్తుంటే గేదె అడ్డం వచ్చిందనుకో, నీ బండి ఎంత దూరంలో ఆగుద్దిరా?" మైలేజీ చెప్పాడు, టాప్ స్పీడ్ చెప్పాడు, ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుందో చెప్పాడు. ఇది మాత్రం చెప్పలేకపోయాడు.

కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరిలోనూ ఇదే చూస్తున్నాను. బండి ముందుకు పోనివ్వడం నేర్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. ఆపడం నేర్పేవాళ్లు కనబడరు. ఇరవై ఏళ్లకు పైగా శ్రీకాకుళం, రాజాం, చీపురుపల్లి, విజయనగరం మధ్య రోజూ తిరుగుతున్నాను. పడ్డాను, పడ్డవాళ్లను లేపాను, ఒక మంచి స్నేహితుణ్ని పోగొట్టుకున్నాను. ఏ బండి కొనాలి, ఎంత స్పీడులో వెళ్లాలి, ఏ రోడ్డు ఎప్పుడు ఎక్కాలి అన్న ప్రతి దాని దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీన్ని నేను ఆపగలనా?

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. అలాగని బండి నడపొద్దని నేను చెప్పను. ఆఖరి బస్సు వెళ్లిపోయాక ఊరు చేరాలన్నా, తెల్లారకుండా పైడిభీమవరంలో షిఫ్టు అందుకోవాలన్నా మనకు బండే ఆధారం. అందుకే దాన్ని సరిగ్గా నేర్చుకోవాలి.

ముందు కాగితాలు

18 ఏళ్లు నిండకుండా గేరు బండి తాళం చేతికి రాకూడదు. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా అంటారు, అది 50 సీసీ లోపు బండ్లకు మాత్రమే. మైనర్‌కి బండి ఇస్తే ఏమవుతుందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. పదో తరగతి పిల్లాడికి "పాలు పట్టుకురారా" అని తాళం ఇచ్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఎల్ఎల్ఆర్‌కి, అంటే నేర్చుకునేవారి లైసెన్స్‌కి, రవాణా శాఖ సారథి వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత అసలు లైసెన్స్ టెస్టుకు వెళ్లవచ్చు. ఆ నెల రోజుల్నీ దండగ చేసుకోవద్దు, నేర్చుకునే నెల అదే. బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. నేర్పే మనిషి తప్ప వెనక ఇంకెవరూ ఎక్కకూడదు. ఇంకో సంగతి, గేరు లేని బండికి మాత్రమే లైసెన్స్ తీసుకుంటే దాంతో గేరు బండి నడపడం చెల్లదు. ఇవాళ స్కూటీ చాలనుకున్నా, వీలైతే గేరు బండికే టెస్ట్ ఇవ్వండి.

ఏ బండి కొనాలి

షోరూంకి వెళ్లేటప్పుడు స్నేహితుల గుంపుతో వెళ్లకండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, ఇంట్లో నిదానంగా ఆలోచించే ఒక్క మనిషితో వెళ్లండి. ఇంజన్ స్టార్ట్ చేయించకముందే ఈ పనులు చేయండి. బండి మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. మునివేళ్లు మాత్రమే తగులుతుంటే ఎత్తుపల్లాల రోడ్డు మీద ఆగిన ప్రతిసారీ పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. తర్వాత దిగి, సెంటర్ స్టాండు వేసి తీయండి. హ్యాండిల్ పట్టుకుని పదడుగులు వెనక్కి నెట్టండి. షోరూం ముందు చిన్న మెట్టో, వాలో ఉంటే దాని మీదికి ఎక్కించి చూడండి. ఆయాసపడకుండా ఇవన్నీ చేయగలిగితే ఆ బండి మీ చేతిలో ఉంటుంది. చేయలేకపోతే మీరే దాని చేతిలో ఉంటారు.

ఇక పవర్ సంగతి. హీరో స్ప్లెండర్ 97 సీసీ, బరువు 112 కేజీలు, సుమారు 8 హార్స్ పవర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కేజీలు, సుమారు 20 హార్స్ పవర్. కాలేజీ పిల్లలు అడిగే 200 సీసీ స్పోర్ట్స్ బండ్లు సుమారు 25 హార్స్ పవర్, అంటే స్ప్లెండర్‌కు మూడింతలు. ఆ బండ్లు చెడ్డవి కావు, వాటి బ్రేకులూ మంచివే. కానీ కొత్తవాళ్ల మణికట్టు కంగారులో తిప్పాల్సిన దానికన్నా ఎక్కువ తిప్పేస్తుంది. అదే తప్పు 8 హార్స్ పవర్ మీద చేస్తే గుండె ఝల్లుమంటుంది, అంతే. 25 మీద చేస్తే దిద్దుకునేందుకు సమయం ఉండదు.

2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125 వరకు సీబీఎస్ ఉంటే చాలన్నారు. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా పట్టి వదిలి, పట్టి వదిలి ఆపే ఏర్పాటు. చక్రం తిరుగుతున్నంతసేపే హ్యాండిల్ మన మాట వింటుంది. సీబీఎస్ అంటే ఒక బ్రేకు నొక్కితే రెండో చక్రానికి కూడా కొంత బ్రేకు పడటం. రెండింటి మధ్య తేడా పెద్దది. డబ్బు సర్దుబాటు అయితే స్టిక్కర్లు, అల్లాయ్ రంగులు వదిలేసి ఏబీఎస్‌కి పెట్టండి.

నా లెక్క ఇలా ఉంటుంది. ఊళ్లోనూ మండల రోడ్ల మీదా రోజుకు పదీ పదిహేను కిలోమీటర్లు తిరిగేవారికి 100 నుంచి 125 సీసీ, ముందు డిస్క్ బ్రేకుతో. రోజూ జాతీయ రహదారి మీద రాకపోకలు ఉండి, కనీసం ఏడాది నడిపిన అనుభవం ఉంటే 150 లేదా 160, ఏబీఎస్‌తో. ఆడపిల్లలకు స్కూటీయే సరిపోతుందని ఇళ్లల్లో తేల్చేస్తుంటారు. టౌన్లో తిరగడానికి అది హాయిగానే ఉంటుంది. కానీ స్కూటీ చక్రాలు 10, 12 అంగుళాలవి, మోటార్‌సైకిల్ చక్రాలు 17, 18 అంగుళాలవి. గోతుల రోడ్డు మీద చిన్న చక్రం గోతిలోకి దిగిపోతుంది, పెద్ద చక్రం దాటేస్తుంది. రోజూ పల్లెకు వెళ్లి పనిచేసే టీచరమ్మకో, ఏఎన్ఎంకో 100 సీసీ గేరు బండే ఎక్కువ భద్రం. ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పండి.

బడ్జెట్లో ముందే ఎనిమిది వేలు పక్కన పెట్టండి. హెల్మెట్, గ్లౌజులు, బూట్లు, రెయిన్‌కోటు దాంట్లోంచి. మిగిలిన దాంట్లోనే బండి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్లకు ఒకేసారి కట్టాలన్నది 2018 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధన. అదొక్కటే ఉంటే మీ బండికి జరిగిన నష్టానికి రూపాయి రాదు, కాబట్టి మొదటి రెండేళ్లయినా ఓన్ డ్యామేజ్ కట్టండి. ఓనరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉంటుంది. అయితే నడిపే ఓనరుకు లైసెన్స్ లేకపోతే ఆ డబ్బు రాదు.

మా వాడి విషయానికొస్తే 125 దగ్గర రాజీ కుదిరింది. రెండేళ్లు పడకుండా నడిపితే అప్పుడు 200 సీసీ గురించి మాట్లాడదామని వాళ్ల నాన్నే అన్నాడు.

సెకండ్ హ్యాండ్ బండి కొనడంలో తప్పులేదు, నేర్చుకోవడానికి అదే మంచిదని కూడా అంటాను. పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. సెంటర్ స్టాండు వేసి, వెనక నాలుగడుగుల దూరంలో కూర్చుని రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. ముందు చక్రం పక్కకు జరిగినట్టుంటే అది ఎక్కడో గుద్దుకున్న బండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే అది తీర్చిన ఎన్ఓసీ అడగండి. ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో నంబరు కొట్టి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అంత పాతవైతే గీతలు బాగున్నా రబ్బరు గట్టిపడి జారుతుంది, మార్పించే ఖర్చు బేరంలో తగ్గించండి. పేరు మార్పించుకోవడం మాత్రం వాయిదా వేయొద్దు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే ప్రమాదం కేసు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, కాబట్టి అమ్మేవాళ్లకూ ఇది అవసరమే.

హెల్మెట్: పెట్టుకోవడం వేరు, కట్టుకోవడం వేరు

ఇది నా తల మీద జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పదిహేనేళ్ల కిందట చిలకపాలెం నుంచి రాజాం వెళ్తున్నాను. డిసెంబరు నెల, పొద్దు వాలే వేళ. ఒక మలుపు తిరిగేసరికి సగం రోడ్డు దాకా ధాన్యం ఆరబోసి ఉంది. కంగారులో వెనక బ్రేకు తొక్కాను. చక్రం గింజల మీద బిగుసుకుని పక్కకు జారిపోయింది. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాను, కానీ బకిల్ పెట్టలేదు. నేను నేలను తాకేలోపే అది ఊడి పొలంగట్టు దాకా దొర్లిపోయింది. చెవి వెనక ఏడు కుట్లు పడ్డాయి. ధాన్యం కాపలా ఉన్న ముసలాయన కండువాతో నా తల అదిమిపట్టి, ఆటో వచ్చేదాకా వదల్లేదు. ఆ బకిల్ చప్పుడు "టక్" మని వినబడకుండా ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా కిక్కు కొట్టలేదు.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151 అన్న నంబరు చూడండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్కన గొడుగు కింద నాలుగొందలకు టోపీలాంటివి అమ్ముతూనే ఉంటారు, వాటి జోలికి పోవద్దు. రెండు వేల లోపు మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్ దొరుకుతుంది. సైజు చూడటానికి దర్జీ టేపుతో కనుబొమ్మలకు కాస్త పైన తల చుట్టూ కొలవండి. పెట్టుకుంటే బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి, తల ఊపితే అది తలతోపాటే కదలాలి. బకిల్ పెట్టి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. ఊడొస్తే ఆ సైజు మీది కాదు. అద్దం తెల్లదే తీసుకోండి, నల్లద్దం రాత్రి పనికిరాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా లోపలి థర్మాకోల్ పొర నలిగిపోయి ఉంటుంది, మార్చేయండి.

హెల్మెట్ వల్ల ఎంత మేలో ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు లెక్క తేల్చారు. చావు ముప్పు సుమారు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయి. ఎండాకాలం మన దగ్గర ఉక్కపోతకు తల తడిసిపోతుంది, నిజమే. లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకోండి, రెండు రోజులకోసారి ఉతుక్కోండి.

ఫోన్ని హెల్మెట్‌కీ చెవికీ మధ్య దూర్చి మాట్లాడుతూ వెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటాం. ఆ మనిషి కళ్లు రోడ్డు మీద ఉంటాయి, బుర్ర ఇంకెక్కడో ఉంటుంది. ఫోన్ మాట్లాడాల్సిందే అయితే బండి పక్కకు తీసి ఆపండి.

మొదటి వారం గ్రౌండ్‌లో

సెలవు రోజు స్కూలు గ్రౌండ్ గానీ, కోతలయ్యాక గట్టిపడిన కల్లం గానీ చూసుకోండి. రోడ్డు మీద నేర్చుకోవద్దు. మా వాడికి నేను ఆదివారాలు, సాయంత్రాలు కలిపి పది గంటలు నేర్పాను. వరస ఇది.

మొదట ఇంజన్ లేకుండా. బండిని పక్కన పట్టుకుని గ్రౌండ్ చుట్టూ నడిపించండి, ముందు బ్రేకుతో మెల్లగా ఆపండి. విసుగు పుడుతుంది, మా వాడికీ పుట్టింది. కానీ బరువు ఎటు లాగుతుందో చేతులకు తెలిసేది ఇప్పుడే.

రెండోది క్లచ్. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదులుతూ బండి ఎక్కడ కదలడం మొదలుపెడుతుందో పట్టుకోండి. నడక స్పీడులో ఇరవై గజాలు, మళ్లీ ఆపడం. యాభైసార్లు. ఇది చేతికి వస్తే టౌన్ ట్రాఫిక్‌లో బండి ఆగిపోవడం, కంగారుపడి ఇంజన్ని గాండ్రింపజేయడం ఉండవు.

మూడోది ఎయిట్ వేయడం, అంటే 8 అంకె ఆకారంలో బండి తిప్పడం. లైసెన్స్ టెస్టులో అడిగేది ఇదే. అందరూ ముందు చక్రాన్ని చూస్తారు, అందుకే కాలు కింద పెడతారు. మెడ తిప్పి, మీరు వెళ్లాల్సిన చోటును చూడండి. కన్ను ఎటు చూస్తే బండి అటే పోతుంది. రోడ్డు మీద గోతిని తప్పించుకోవాలని గోతినే చూస్తూ సరిగ్గా అందులోనే పడేవాళ్లను గమనించండి. గోతి పక్కనున్న మంచి రోడ్డును చూడాలి.

ఇక అసలైనది, ఆపడం. ముగ్గుపిండితో గ్రౌండ్‌కి అడ్డంగా తెల్లగీత గీశాను. ముప్పై స్పీడులో వచ్చి, గీత మీదికి ముందు చక్రం రాగానే వెనక బ్రేకు మాత్రమే కొట్టమన్నాను. దుమ్ము లేచింది, తోక పక్కకు ఊగింది, గీత దాటి పదహారు అంగల దూరంలో ఆగాడు. రెండోసారి రెండు బ్రేకులూ కలిపి. భయంతో ముందు బ్రేకును వేళ్లతో తాకీ తాకనట్టు పట్టాడు, పదమూడు. "ముందు బ్రేకు కొడితే పల్టీ కొడతామని తాత చెప్పాడు మావా" అన్నాడు. మన ఊళ్లన్నింట్లోనూ ఉన్న భయమే ఇది, దీనివల్లే సగం మంది సగం బ్రేకుతో తిరుగుతున్నారు.

బ్రేకు పడగానే బండి బరువంతా ముందుకు వాలుతుంది. ముందు టైరు నేలకు గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే ఆపే శక్తిలో సుమారు 70 శాతం ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే తొక్కితే తేలికైన చక్రం బిగుసుకుని జారుతుంది. పల్టీ కొట్టేది ముందు బ్రేకును ఒక్కసారిగా లాగినప్పుడు. నిమ్మకాయ పిండినట్టు పట్టాలి: ముందు మెత్తగా, బరువు ముందుకు వాలాక గట్టిగా, ఇంకా గట్టిగా. హ్యాండిల్ నిటారుగా ఉండాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, గింజల మీద, బురదలో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, అక్కడికి చేరకముందే స్పీడు తగ్గించుకోవాలి. క్లచ్ ఆఖర్లో పట్టండి, మొదటే పట్టేస్తే ఇంజన్ ఇచ్చే పట్టు పోతుంది.

చీకటి పడేవేళకు మా వాడు తొమ్మిది అంగల్లో ఆగాడు. అదే బండి, అదే గ్రౌండ్, అదే స్పీడు. పదహారుకూ తొమ్మిదికీ మధ్య ఉన్న ఆ ఏడు అంగల్లో ఒక మనిషి నిలబడి ఉంటే? వాడు గీత దగ్గరికి వెనక్కి నడిచి వెళ్లి, మళ్లీ ఒక్కో అంగా లెక్కపెట్టుకున్నాడు. తర్వాత 200 సీసీ మాట ఎత్తలేదు.

ఇప్పుడు రోడ్డు స్పీడుల లెక్క. నలభైలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, అరవైలో దాదాపు 17, ఎనభైలో 22. అడ్డం వచ్చినదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను అవుతుంది. ఆ సెకనుతో కలిపి పొడి రోడ్డు మీద, బాగా నేర్చిన చేతికి, నలభైలో సుమారు 21 మీటర్లు, అరవైలో 40, ఎనభైలో 63 మీటర్లు పడుతుంది. ఆర్టీసీ బస్సు పొడవు పదకొండో పన్నెండో మీటర్లు. అంటే నలభైలో రెండు బస్సులు, ఎనభైలో ఐదు బస్సులకు పైనే. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం మూడింతలైంది.

రోడ్డు ఎక్కే వరస

మొదటి రెండు వారాలు ఊళ్లో వీధులు, పక్క ఊరి రోడ్డు. తర్వాత టౌన్, అదీ ఆదివారం పొద్దున్న. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల కూడలి, విజయనగరంలో మయూరి జంక్షన్, గంటస్తంభం దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు ఎవరు ఎటు నుంచి వస్తారో చూసి పెట్టుకుంటే రద్దీలో టెన్షన్ ఉండదు. ఆ తర్వాత కాస్త దూరం: శ్రీకాకుళం వాళ్లు శ్రీకూర్మమో కళింగపట్నమో, విజయనగరం వాళ్లు నెల్లిమర్ల మీదుగా రామతీర్థమో పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు తిరిగి రండి. ఐదొందల కిలోమీటర్లు నడిపాకే జాతీయ రహదారి.

మన రోడ్లకు వాటి కాలాలు ఉన్నాయి. కోతలప్పుడు ధాన్యం, నూర్పిళ్లప్పుడు ఉలవలు, నువ్వులు, గోగు కోతప్పుడు తడి నార. రైతును తప్పు పట్టను, ఆరబెట్టే చోటు లేకే రోడ్డు మీదికి తెస్తాడు. గింజల చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రిపూట కనబడవు, నల్ల బరకం కప్పితే అసలే కనబడదు. ఆ నెలల్లో మలుపుల దగ్గర ముప్పై దాటొద్దు. గింజల మీదికి ఎక్కక తప్పకపోతే హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టకుండా, యాక్సిలరేటర్ వదిలేసి నిటారుగా దాటండి.

ఆటో వెనక వెళ్తుంటే అది ఏ క్షణంలోనైనా ఆగుతుందనే అనుకోండి. చెట్టు కింద ఒక అమ్మ చెయ్యెత్తితే చాలు, ఇండికేటర్ ఉండదు. ముందు వాహనం ఒక కరెంటు స్తంభం దాటాక "వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు, వెయ్యిన్మూడు" అని లెక్కపెట్టండి. మీరు ఆలోపే ఆ స్తంభం దగ్గరికి చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు.

పదహారో నంబరు జాతీయ రహదారి నరసన్నపేట నుంచి రణస్థలం మీదుగా ఆనందపురం దాకా ఆరు వరుసలు. రోడ్డు బాగుంది, అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎడమ పక్కనే ఉండండి. ఆ ఎడమ పక్కనే ఆగి ఉన్న లారీలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండ్లు ఉంటాయి. అర కిలోమీటరు చుట్టు తిరగడం బద్ధకమై మీరు మాత్రం ఆ రాంగ్ రూట్ పట్టొద్దు. సర్వీసు రోడ్డు ఉన్నచోట అదే వాడండి. లారీని దాటుతుంటే గాలి మొదట లోపలికి లాగుతుంది, ముందుకు రాగానే బయటికి తోస్తుంది. హ్యాండిల్ వదులుగా పట్టుకుని మోకాళ్లతో ట్యాంకు బిగించండి. లారీ డ్రైవర్ సైడు అద్దంలో మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడరు.

రాత్రి, వాన, ఘాట్

మొదటి మూడు నెలలు రాత్రి ప్రయాణం మానుకోండి. తప్పకపోతే మీ లైటు వెలుగులో ఆగగలిగినంత స్పీడే వెళ్లండి. డిమ్ లైటు మీద అది నలభైకి మించదు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు చీకట్లో గోడలా నిలబడి ఉంటుంది. నా స్నేహితుణ్ని అలాంటిదే బలితీసుకుంది, తను అరవైలోనే ఉన్నాడు. ఎదుటివాడి హై బీమ్ కళ్లలో పడితే రోడ్డు ఎడమ అంచున తెల్లగీతను చూస్తూ స్పీడు తగ్గించండి.

వాన మొదలైన మొదటి పది నిమిషాలు రోడ్డు మీది దుమ్ము, ఆయిల్ తేలి సబ్బులా ఉంటుంది. టీ కొట్టు దగ్గర ఆగిపోండి. తడి రోడ్డు మీద ఆగే దూరం రెట్టింపనుకుని నడపండి. జీబ్రా గీతల మీద, రైల్వే గేటు పట్టాల మీద బ్రేకు వేయొద్దు, పట్టాలను అడ్డంగా దాటండి. నీళ్లు నిలిచిన చోట కింద ఏముందో తెలియదు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు బండి ఇంట్లోనే ఉంచండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసినవాళ్లకు ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు.

ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కాలని కుర్రాళ్లందరికీ ఉంటుంది. ఆరు నెలల తర్వాత వెళ్లండి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. పెట్రోలు ఆదా అని ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో దించేవాళ్లు బ్రేకులు వేడెక్కి పట్టు పోయాక తెలుసుకుంటారు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

వెనక మనిషి ఉంటే

మూడు నెలలు ఒంటరిగా నడిపాకే వెనక ఎవరినైనా ఎక్కించుకోండి. అరవై కేజీల మనిషి ఎక్కితే 112 కేజీల బండి నడక మొత్తం మారిపోతుంది, ఆగే దూరం కూడా. వెనక టైరులో గాలి ఎంత పెంచాలో చైన్ కవర్ దగ్గరో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, చూడండి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకోవడం మన దగ్గర తరచూ జరిగే ఘోరం. కొంగు నడుముకు దోపుకున్నాకే బండి కదలాలి. స్టైల్ కోసం శారీ గార్డ్ పీకేయకండి, దాన్ని పెట్టమన్నది చట్టమే. నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, స్పీడు నలభై దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది నిబంధన. ముగ్గురు ఎక్కితే బండి ఆపడం ఎవరి వల్లా కాదు.

తాగి బండెక్కడం గురించి రెండు మాటలు లేవు. పెళ్లికి, జాతరకు వెళ్తే తాళం తాగని మనిషి దగ్గర ఉండాలి.

వారానికి ఐదు నిమిషాలు బండికి ఇవ్వండి. చల్లగా ఉన్నప్పుడు టైరు గాలి, రెండు బ్రేకులు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, చైన్ లూజు. చైన్‌కి ఐదొందల కిలోమీటర్లకోసారి తుడిచి నూనె వేయండి.

పడినా, పడ్డవాళ్లను చూసినా

108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా ఉంది. పడిన మనిషి ఊపిరి తీసుకోగలుగుతుంటే హెల్మెట్ లాగొద్దు, మెడ కదిలించొద్దు, నీళ్లు తాగించొద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కేసులో ఇరుక్కుంటామని చాలామంది చూస్తూ వెళ్లిపోతారు. చట్టంలో 134ఏ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు. ఆ రోజు ముసలాయన కూడా భయపడి ఉంటే నేను ఇవాళ ఇది రాసేవాణ్ని కాదు.

చివరగా ఇంట్లో ఉన్నవాళ్లకు. బిడ్డ బండి మీద ఉన్నాడని తెలిసి "ఎక్కడున్నావురా" అని ఫోన్ చేయకండి. జేబులో మోగితే చెయ్యి దానిమీదికే పోతుంది. మా అక్క మొదట్లో రోజూ ఐదున్నరకు ఫోన్ చేసేది. ఇప్పుడు వాడే కాలేజీ గేటు దగ్గర బండెక్కేముందు "బయల్దేరాను" అని మెసేజ్ పెడతాడు, అక్క జవాబివ్వదు. ఫోన్ పక్కన పెట్టి, అన్నం పొయ్యి మీద పెడుతుంది.